గడప దాటే వయసు: కందుకూరి వీరేశలింగం కథ

ఫస్టియర్‌లో హాస్టల్లో చేరినప్పుడు మనలో చాలామందికి పదిహేడేళ్లే. ఫారం మీద మన సంతకం కింద నాన్నదో అమ్మదో సంతకం ఉంటే గానీ రూమ్ ఇవ్వలేదు. ఆ ఏడాది మధ్యలో ఎప్పుడో పద్దెనిమిది నిండాయి. కేక్ కోశాం, ముఖాలకి క్రీమ్ పూసుకున్నాం. ఆ రాత్రితో చట్టం దృష్టిలో మన బతుకు మన చేతికొచ్చిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మర్నాడు ఔట్‌పాస్ కావాలంటే మళ్లీ ఇంటికే ఫోన్!

ఇల్లు వదిలి వెళ్లే హక్కు మనకి ఎప్పుడొస్తుంది? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే నేను చివరికి మన రాజమండ్రిలోనే తేలాను, అదీ 1881 డిసెంబరులో. అక్కడ ఎదురైన మనిషి కందుకూరి వీరేశలింగం పంతులు గారు. టెన్త్ తెలుగు వాచకంలో గద్య తిక్కన అని, సంఘ సంస్కర్త అని రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆయనే. కానీ ఆయన కథని ఈ ప్రశ్న వైపు నుంచి చూస్తే వేరేగా కనబడుతుంది. అందుకే రాస్తున్నా.

తన నిర్ణయాలు తను తీసుకోని కుర్రాడు

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి సుబ్బారాయుడు, తల్లి పూర్ణమ్మ. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే మశూచి వచ్చి బతికి బయటపడ్డారు. నాలుగేళ్లకే తండ్రి పోయారు. అప్పట్నుంచి పెదనాన్న నీడలో పెరిగారు. చదువు, ఖర్చు, ఇంటి వ్యవహారం, అన్నీ పెద్దల మాట ప్రకారమే.

1861లో ఆయనకి పెళ్లి చేశారు. పెళ్లికొడుకుకి పదమూడేళ్లు. పెళ్లికూతురు పక్కనే ఉన్న కాతేరు అమ్మాయి బాపమ్మ, ఇంకా చిన్నపిల్ల. అత్తారింటికొచ్చాక ఆమె పేరు కూడా మార్చి రాజ్యలక్ష్మి అన్నారు. ఇద్దర్నీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజుల్లో అడిగే అలవాటే లేదు. బాల్య వివాహాల మీద తర్వాత అంతలా పోరాడిన మనిషి తనూ బాల్య వివాహం చేసుకున్నవాడే. అదృష్టం ఏంటంటే, ఆ పెళ్లిలో దొరికిన తోడు చివరిదాకా ఆయనకన్నా గట్టిగా నిలబడింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

చదువు పూర్తయ్యాక వీరేశలింగం బడిపంతులు అయ్యారు. కోరంగిలో, తర్వాత ధవళేశ్వరంలో పనిచేశారు. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలెట్టారు. అదే ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. పత్రికలో లంచగొండి ఉద్యోగుల్ని, మూఢ నమ్మకాల్ని, కన్యాశుల్కాన్ని ఎండగట్టేవారు. ఊళ్లో పెద్దమనుషులకి ఆయనంటే మంట. తర్వాత రాజమండ్రిలో తెలుగు పండితుడిగా ఉద్యోగం దొరికింది. క్లాసులో కూర్చున్న కుర్రాళ్లే నెమ్మదిగా ఆయన సైన్యం అయ్యారు.

చట్టం ఉంది, వాడినవాళ్లు లేరు

ఇప్పుడు కొంచెం చట్టం మాట్లాడుకుందాం. బోర్ కొట్టదు, మాటిస్తున్నా.

బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుబట్టిన ఫలితంగా 1856 జూలైలో హిందూ వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. అప్పటికి వీరేశలింగానికి ఎనిమిదేళ్లు. ఆ చట్టంతో వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం చెల్లుతుంది, పుట్టిన పిల్లలు వారసులవుతారు. వినడానికి బాగుంది కదా. లోపలికెళ్లి చూడండి.

రెండో సెక్షన్ ప్రకారం, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కులు పోతాయి. చనిపోయినట్టే లెక్క. అంటే గడప దాటితే చేతిలో చిల్లిగవ్వ ఉండదు.

ఏడో సెక్షన్ ఇంకా ముఖ్యం. ఆ వితంతువు మేజరైతే, లేదా కాపురానికి వెళ్లిన మనిషైతే, ఆమె సమ్మతి ఒక్కటే చాలు. కానీ కాపురానికి వెళ్లని మైనర్ అయితే తండ్రి సమ్మతి కావాలి. తండ్రి లేకపోతే తాత, అంటే తండ్రికి తండ్రి. ఆయనా లేకపోతే తల్లి. ఆమె కూడా లేకపోతే అన్న. అన్నలూ లేకపోతే దగ్గరి మగ బంధువు. ఈ వరస తప్పి తెలిసి తెలిసి పెళ్లి చేయించినవాళ్లకి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ పెళ్లిని కోర్టు కొట్టేయొచ్చు కూడా.

దీనికి తోడు 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్. పదహారేళ్లు నిండని ఆడపిల్లని, పద్నాలుగేళ్లు నిండని మగపిల్లాణ్ణి సంరక్షకుల సమ్మతి లేకుండా తీసుకెళ్తే కిడ్నాప్ కింద లెక్క. పిల్ల ఇష్టపడి వచ్చినా సరే, ఆ ఇష్టానికి విలువ లేదు. తర్వాత 1875లో మెజారిటీ చట్టం వచ్చి పద్దెనిమిదేళ్లకి మేజర్ అంది, కోర్టు సంరక్షకుణ్ణి పెట్టిన వాళ్లకైతే ఇరవై ఒకటి. అయితే పెళ్లి, విడాకులు, దత్తత లాంటి వాటికి ఈ చట్టం వర్తించదని అందులోనే రాసేశారు. అంటే పొలం అమ్మడానికి ఒక వయసు లెక్క, పెళ్లికి పాత లెక్క.

ఆ రోజుల్లో మన డెల్టాలో బ్రాహ్మణ ఇళ్లల్లో ఆరేడేళ్లకే పెళ్లిళ్లు. భర్త ముఖం సరిగా చూడకుండానే వితంతువులైన పిల్లలు ఎందరో. కాస్త పెద్దయ్యాక జుట్టు తీసేస్తారు, ఒంటి మీద బొట్టు, గాజు, రంగుచీర ఏదీ ఉండదు, ఒంటిపూట తిండి, ఇంటి చాకిరీ. ఆ ఇంట్లోంచి బయటపడే దారిని చట్టం 1856లో చూపించింది. గోదావరి ఒడ్డున ఆ దారిన మొదటి మనిషి నడిచింది 1881లో. మధ్యలో పాతికేళ్లు! ఆ పాతికేళ్లు చట్టం కాగితం మీదే ఉంది.

1881 డిసెంబరు 11

వీరేశలింగం 1879లో వితంతు వివాహాల మీద బహిరంగంగా ఉపన్యాసాలు మొదలెట్టారు. శాస్త్రాలు ఒప్పుకుంటాయా లేదా అని పండితులతో వాదాలు, పత్రికల్లో ఖండన మండనలు. ఊరు రెండుగా చీలింది. కానీ ఉపన్యాసం వేరు, పెళ్లి వేరు. పెళ్లికి ముందు వరుడు కావాలి, వధువు కావాలి, డబ్బు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇద్దరూ మర్నాడు ఎక్కడ ఉండాలో తెలియాలి.

డబ్బు విషయంలో కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు వెనక నిలబడ్డారు. బసవరాజు గవర్రాజు, చల్లపల్లి బాపయ్య లాంటి మిత్రులు చెయ్యందించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు దొరికాడు. వధువు గౌరమ్మ, కృష్ణా జిల్లా తిరువూరు వైపు పిల్ల. మైనర్. తల్లి ఒప్పుకుంది.

ఆ ఒక్క వాక్యం, తల్లి ఒప్పుకుంది అన్నది, నేను చిన్నప్పుడు చదివినప్పుడు దాటేసిన వాక్యం. ఏడో సెక్షన్ చదివాక అర్థమైంది. ఆ తల్లి సమ్మతి లేకపోతే వీరేశలింగం సంస్కర్త కాదు, నేరస్థుడు. పిల్లని తీసుకొచ్చిన మిత్రులు కిడ్నాపర్లు. అంత పెద్ద ఉద్యమం ఒక పల్లెటూరి తల్లి మాట మీద ఆధారపడి ఉంది.  బంధువులకి తెలిస్తే బతకనివ్వరని తెలిసి కూడా బిడ్డని పంపింది. విగ్రహాలు పెట్టేటప్పుడు ఇలాంటి వాళ్లు గుర్తుకు రారు.

అప్పటికి గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన లేదు. కృష్ణా జిల్లా నుంచి రాజమండ్రి రావాలంటే నది పడవలో దాటాల్సిందే. గౌరమ్మ వచ్చింది. 1881 డిసెంబరు 11 రాత్రి వీరేశలింగం ఇంట్లో పెళ్లి జరిగింది. గొడవ చేస్తారన్న భయంతో పోలీసుల్ని పెట్టారు. పోలీసులకి తోడు కాపలా కాసింది ఎవరో తెలుసా? ఆయన స్టూడెంట్లు. మన వయసు వాళ్లే. నాలుగు రోజులకి, డిసెంబరు 15న, రెండో పెళ్లి కూడా జరిగింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. చట్టం తల్లిని అడగమంది, అన్నని అడగమంది, ఎక్కడో ఉన్న మగ బంధువుని కూడా అడగమంది. కాపురానికి వెళ్లని మైనర్ వితంతువు విషయంలో ఆ పిల్లనే అడగాలని మాత్రం రాయలేదు. మొదటి పెళ్లికి గౌరమ్మని ఎవరూ అడగలేదు, రెండో పెళ్లికి కూడా ఆమె ఇష్టం చట్టానికి అక్కర్లేదు. మంచి జరిగినా కూడా ఆ లోటు లోటే.

పెళ్లి మర్నాడు

అసలు కథ మర్నాడు మొదలైంది. పెళ్లికి వచ్చినవాళ్లని, భోజనం చేసినవాళ్లని, వీరేశలింగం కుటుంబాన్ని కులం నుంచి వెలివేశారు. ప్రాయశ్చిత్తం చేసుకుంటే గానీ పంక్తిలో కూర్చోనివ్వమన్నారు. నిన్నటిదాకా పక్కనే నిలబడ్డ మిత్రుల్లో చాలామంది భయపడి ప్రాయశ్చిత్తాలు చేసుకున్నారు. వంటమనిషి మానేసింది. నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. ఊళ్లో శుభకార్యానికి పిలుపు లేదు, ఇంట్లో తద్దినానికి బ్రాహ్మడు రాడు.

అప్పుడు రాజ్యలక్ష్మమ్మ బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నారు. కొత్త దంపతులకి, వచ్చేపోయే వాళ్లకి తనే వండి పెట్టారు. పుట్టింటి వైపు బంధువులు ఆమెని మొగుణ్ణి వదిలేసి వచ్చెయ్యమని ఎంతగానో ఒత్తిడి చేశారు. ఆమె వెళ్లలేదు. చిన్నప్పుడు పెళ్లి గురించి ఆమెని ఎవరూ అడగలేదు. ఇప్పుడు పెద్దయ్యాక, ఉండాలా వెళ్లాలా అన్నది తనే తేల్చుకుని ఉండిపోయింది. గడప దాటడం ఎంత ధైర్యమో, అందరూ దాటమన్నప్పుడు దాటకపోవడం కూడా అంతే ధైర్యం.

ఆ తర్వాత ఏళ్లల్లో వీరేశలింగం చేయించిన వితంతు వివాహాలు దాదాపు 40. దేశంలో కోట్ల జనంలో 40 ఏ మూలకి అని ఎవరైనా అనొచ్చు. కానీ ప్రతి పెళ్లి వెనక ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, నెలనెలా ఖర్చు ఉన్నాయి. దంపతులకి అద్దెకి ఇల్లిచ్చేవాడు లేడు. వాళ్లకి ఆశ్రయం ఆయన ఇల్లే. పెళ్లి చేసుకున్న మగవాళ్లు కొందరు డబ్బు కోసం ఆయన్ని ఇబ్బంది పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన తన స్వీయచరిత్రలో ఇలాంటి కష్టాలు దాచుకోలేదు.

వెళ్లడానికి ఒక చోటు

నెమ్మదిగా ఆయనకి ఒక సంగతి అర్థమైనట్టుంది, ఆయన చేసిన పనులు చూస్తే మనకి తెలుస్తుంది. ఇంట్లోంచి బయటికొచ్చిన అమ్మాయికి పెళ్లి ఒక్కటే దారి కాకూడదు. 1890ల చివర్లో మద్రాసులో ఉన్నప్పుడు వితంతువుల కోసం శరణాలయం నడిపారు. 1905లో రాజమండ్రిలో వితంతు శరణాలయం పెట్టారు. అక్కడ పిల్లలకి చదువు చెప్పారు. చదువుకుంటే పంతులమ్మ అవ్వొచ్చు, తన కాళ్ల మీద తను నిలబడొచ్చు. పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట.

1906లో హితకారిణి సమాజం స్థాపించి, తర్వాత తన ఆస్తంతా దానికి రాసిచ్చారు. ఇల్లు, తోట, పుస్తకాల మీద వచ్చే డబ్బు, అన్నీ. ఆ దంపతులకి పిల్లలు లేరు. ఎవరెవరి పిల్లలో వాళ్లింట్లో పెరిగారు. రాజ్యలక్ష్మమ్మ 1910లో పోయారు. వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకి 71 ఏళ్లు. ఆయన పోయిన పదేళ్లకి, 1929లో, శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేయకూడదని అంది. ఆయన బతికుండగా చూడలేకపోయారు.

మరి ఇప్పుడు?

ఇప్పటి లెక్క చూద్దాం. పద్దెనిమిది నిండితే ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో మన ఇష్టం. అమ్మానాన్నల ఇష్టంతో పనిలేకుండా మేజర్ తన నిర్ణయం తను తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో కూడా గట్టిగా చెప్పింది. పెళ్లికి మాత్రం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి.

పద్దెనిమిది నిండకపోతే మనం సంరక్షకుల చేతిలో ఉన్నట్టే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం ఇల్లు వదిలిన మైనర్‌ని, ఆ పిల్లల మేలు చూసి, కోర్టు తిరిగి పంపొచ్చు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా తీసుకెళ్తే కిడ్నాపే. ఇప్పుడు అబ్బాయికైనా అమ్మాయికైనా 18 ఒకటే లెక్క. అయితే 1960ల్లో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో, పద్దెనిమిదికి దగ్గర్లో ఉన్న అమ్మాయి తనంతట తను, తెలిసి, ఇల్లు వదిలి వస్తే, ఆమె వెంట ఉన్నంత మాత్రాన తీసుకెళ్లినట్టు కాదని సుప్రీంకోర్టు తేల్చింది.

అమెరికాలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు కోర్టుకెళ్లి, విడిగా బతకగలమని, తమ ఆదాయం తమకుందని చూపించి, మేజర్లతో సమానంగా విడుదల తీసుకోవచ్చు. మన దగ్గర అలాంటి పద్ధతి లేదు. మరి ఇంట్లో కొడుతుంటే, బలవంతంగా పెళ్లి చేస్తుంటే పద్దెనిమిది దాకా ఆగాలా? అక్కర్లేదు. 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్లల సంక్షేమ కమిటీ జిల్లాకొకటి ఉంటుంది. ఇల్లు సురక్షితం కాదని తేలితే పిల్లల్ని వేరే చోట ఉంచే అధికారం దానికి ఉంది. ఈ నంబర్ మీకు అవసరం పడకపోవచ్చు. మీ చెల్లి క్లాస్‌మేట్‌కి పడొచ్చు.

ఇదంతా చదివాక నాకు మిగిలింది ఒక్క మాట. ఏ వయసుకి గడప దాటొచ్చో చట్టం చెప్తుంది. దాటాక రాత్రికి ఎక్కడ పడుకోవాలో, మర్నాడు ఏం తినాలో చట్టం చెప్పదు. 1856 చట్టం పాతికేళ్లు పనికిరాకుండా ఉండిపోయింది అందుకే. దాన్ని పనికొచ్చేలా చేసింది ఒక పంతులు గారి ఇంటి తలుపు, ఒక ఇల్లాలు మోసిన నీళ్ల బిందె, ఒక వర్తకుడి డబ్బు, కాపలా కాసిన కొందరు కుర్రాళ్లు, బిడ్డని పడవెక్కించిన ఒక తల్లి.

రాజమండ్రిలో వీరేశలింగం పుట్టిన ఇల్లు ఇప్పటికీ స్మారకంగా ఉంది. మనవాళ్లు పుష్కర ఘాట్ దాకా వెళ్తారు, గోదారి హారతి చూస్తారు, రోజ్ మిల్క్ తాగుతారు, ఫొటోలు దిగుతారు. ఆ ఇంటికి మాత్రం పోరు. ఈసారి వీకెండ్‌కి వెళ్లినప్పుడు ఒక అరగంట అటు కూడా వెళ్లిరండి.

ఇంకోటి. మన బ్యాచ్‌లో ఎవరైనా ఒక రాత్రి బ్యాగుతో వచ్చి మీ రూమ్ తలుపు కొడితే, ముందు లోపలికి రానివ్వండి. పద్దెనిమిది నిండాయో లేదో తర్వాత మాట్లాడుకోవచ్చు. నిండకపోతే 1098 ఉంది, నిండితే చట్టం వాళ్ల వైపే ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆ రాత్రికి ఒక చాప, ఒక పళ్లెం అన్నం కావాలి. 1881లో మన వయసు కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. మనం తలుపైనా తీయలేమా?